వర్షారణ్యంలో నాలుగు రోజులు: తమాన్ నెగారాకు ఎలా సిద్ధం కావాలి, లోపల ఎలా నడవాలి

వర్షారణ్యంలో రెండో రోజు పొద్దున తడి సాక్సుల్లోకి మళ్లీ కాళ్లు పెట్టాల్సి వస్తుంది. రాత్రంతా తాడు మీద ఆరేసినా అవి ఆరవు. అక్కడ గాలిలోనే నీళ్లుంటాయి. చాలామందికి అడవి మీద ఇష్టం విరిగిపోయేది ఆ నిమిషంలోనే. దానికి ముందే సిద్ధపడి వెళ్లినవాళ్లకు మాత్రం అసలు ప్రయాణం అక్కడే మొదలవుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం తడి గురించే ఉంటుంది. ఆ అడవిలో పూర్తిగా పొడిగా ఉండటం ఎవరి వల్లా కాదు. ఏది తడవొచ్చు, ఏది తడవకూడదు అన్నది ఇంటి దగ్గరే తేల్చుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

అమెజాన్, కాంగో, బోర్నియో అంటూ పెద్ద పేర్లు చాలా ఉన్నాయి. మొదటిసారి వెళ్లే తెలుగువాళ్లకు నేను చెప్పేది మాత్రం మలేషియాలోని తమాన్ నెగారా. మలయ్ భాషలో ఆ మాటకు ‘జాతీయ ఉద్యానవనం’ అనే అర్థం. పహాంగ్, కెలంతాన్, తెరెంగాను అనే మూడు రాష్ట్రాల్లో 4,343 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. 1930ల చివర్లో బ్రిటిష్‌వాళ్ల కాలంలో దీన్ని కింగ్ జార్జ్ పేరుతో రక్షిత అడవిగా ప్రకటించారు, స్వాతంత్ర్యం వచ్చాక ఇప్పటి పేరు పెట్టారు. 13 కోట్ల ఏళ్ల నాటి అడవి అని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. హైదరాబాద్ నుంచి నాలుగు గంటల విమాన ప్రయాణం, ఆ తర్వాత ఒక పగలు రోడ్డు మీద. అంతే, దట్టమైన వర్షారణ్యం అంచున ఉంటారు. పెద్దగా అనుభవం లేకపోయినా, డబ్బు మరీ ఎక్కువ లేకపోయినా వెళ్లగలిగిన చోటు ఇది.

ముందుగా తేదీలు

నవంబర్ నుంచి జనవరి దాకా అటు వెళ్లొద్దు. ఈశాన్య రుతుపవనాలు మనకు నెల్లూరు, చిత్తూరు వైపు వానలు తెచ్చే రోజుల్లోనే మలేషియా తూర్పు వైపునూ ముంచెత్తుతాయి. 2014 డిసెంబర్‌లో కెలంతాన్, పహాంగ్, తెరెంగాను రాష్ట్రాల్లో వచ్చిన వరదలకు లక్షలమంది ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. మార్చి నుంచి సెప్టెంబర్ దాకా మంచి కాలం. మన వేసవి సెలవులు అందులోనే పడతాయి. మంచి కాలం అన్నంత మాత్రాన వాన రాదనుకోకండి, మధ్యాహ్నం దాటాక ఒక జల్లు దాదాపు ఖాయం. నదులు మాత్రం అదుపులో ఉంటాయి, దారులు తెరిచి ఉంటాయి.

అడవిలో నాలుగు రోజులు, రానుపోను మరో రెండు రోజులు పెట్టుకోండి. కౌలాలంపూర్ నుంచి ఒక్క రోజులో చూపించి తెచ్చే టూర్లున్నాయి. అందులో మీరు చూసేది బస్సు కిటికీ, చెట్ల మధ్య కట్టిన తాళ్ల వంతెన, అంతే. అడవికి అలవాటు పడటానికి ఒంటికే ఒక రోజు పూర్తిగా కావాలి.

రెండు నెలల ముందు: ఒళ్లు, డాక్టర్, కాగితాలు

అక్కడి దారుల్లో ఎత్తు పెద్దగా ఉండదు. మనిషిని అలసగొట్టేది ఉక్కపోత. చెమట పడుతుంది కానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం కరెంటు పోయిన గదిలో మెట్లెక్కుతున్నట్టు ఊహించుకోండి. దీనికి నాకు తెలిసిన మంచి సాధన అలిపిరి మెట్ల దారి. 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. భుజాన ఆరేడు కిలోల సంచితో ఆగుతూ ఎక్కండి, కుదిరితే నడిచే దిగండి. తడి బంకమట్టి దిగుడులో మోకాళ్ల పని ఎక్కువ. తిరుపతికి దూరంగా ఉన్నవాళ్లకు పది అంతస్తుల అపార్ట్‌మెంట్ మెట్లయినా సరిపోతాయి, వారానికి నాలుగు రోజులు, ఎనిమిది వారాలు.

కొన్న బూట్లు, సంచి, రెయిన్ కోటు మొదటిసారి వాడేది మలేషియాలో కాకూడదు. వాన పడే రోజు చూసుకుని మారేడుమిల్లి వైపు ఒక రోజు నడిచి రండి. ఎక్కడ ఒరుసుకుంటుందో, సంచిలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో ఆ ఒక్క రోజులో తెలిసిపోతుంది.

డాక్టర్ దగ్గరకు కనీసం నెల ముందు వెళ్లండి. టైఫాయిడ్, హెపటైటిస్ ఏ, ధనుర్వాతం టీకాల గురించి అడగండి. మలేరియా మందు అవసరమా అని కూడా అడగండి. మలేషియా అడవుల్లో కోతుల నుంచి దోమల ద్వారా మనుషులకు సోకే నోలెసి అనే రకం మలేరియా ఉంది. రోజూ వేసుకునే మందులుంటే చీటీ కాపీ వెంట ఉంచుకోండి. ఇంకో మాట. మీరు వెళ్లేది మలేషియాకు కాకుండా అమెజాన్‌కో కాంగో వైపో అయితే ఎల్లో ఫీవర్ టీకా తప్పదు. కనీసం పది రోజుల ముందు వేయించుకుని సర్టిఫికెట్ తీసుకోవాలి. అది లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. హైదరాబాద్‌లో ఈ టీకా నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.

భారతీయులకు మలేషియా 2023 డిసెంబర్ నుంచి 30 రోజుల దాకా వీసా లేకుండా ప్రవేశం ఇస్తోంది. ఈ వెసులుబాటును ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి టికెట్ కొనే ముందు ఒకసారి సరిచూసుకోండి. దిగడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, ఇది ఉచితం. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు అడవిలో నడకకు, అక్కడి నుంచి ఆస్పత్రికి తరలించే ఖర్చుకు వర్తిస్తుందో లేదో చదివి తీసుకోండి.

సంచి: తడి జత, పొడి జత

ఈ భాగం మాత్రం దయచేసి తొందరపడకుండా చదవండి.

బట్టలు రెండు జతలు చాలు. ఒకటి తడి జత, ఇంకొకటి పొడి జత. పగలు నడిచేది తడి జతతో. అది చెమటకు, వానకు, వాగుకు తడుస్తుంది, తడవనివ్వండి. సాయంత్రం గూటికి చేరాక ఒళ్లు తుడుచుకుని పొడి జత వేసుకుంటారు, దాంతోనే నిద్రపోతారు. పొద్దున లేచాక పొడి జత విప్పి మళ్లీ సంచిలో భద్రం చేసి, ఆ చల్లటి తడి బట్టల్లోకే దిగాలి. ‘ఈ ఒక్క రోజుకు పొడివి వేసుకుంటే ఏం పోతుంది’ అనిపిస్తుంది. వేసుకుంటే పది నిమిషాల్లో రెండు జతలూ తడిసిపోతాయి, ఆ రాత్రి నిద్ర ఉండదు. నా మొదటి ప్రయాణంలో జీన్స్ ప్యాంటు వేసుకుని వెళ్లాను, రెండో రోజే పొడి చొక్కా బయటికి తీశాను. మూడో రాత్రి తొడలు ఒరుసుకుపోయి పడుకోలేకపోయాను. పదిహేనేళ్లుగా అడవుల్లో తిరుగుతున్నానని చెప్పిన మా గైడు సంచి నాదాంట్లో సగం ఉంది. అందులో అతని పొడి లుంగీ మూడు కవర్ల లోపల ఉంది.

తడి జతకు పలుచటి సింథటిక్ పొడుగు చేతుల చొక్కా, అలాంటిదే ప్యాంటు తీసుకోండి. జీన్స్ వద్దు, మందపాటి కాటన్ వద్దు. పొడి జతకు మన గళ్ల లుంగీ, ఒక టీషర్టు, ఒక జత శుభ్రమైన సాక్సులు. లుంగీ దుప్పటి అవుతుంది, తువాలు అవుతుంది, బట్టలు మార్చుకోవడానికి చాటూ అవుతుంది. ఆడవాళ్లు కూడా ఒకటి పెట్టుకుంటే చాలా పనికొస్తుంది.

సంచికి పైన వేసే రెయిన్ కవర్‌ను నమ్మకండి. వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి. సంచి లోపల మందపాటి పెద్ద ప్లాస్టిక్ కవరు పరిచి, దాని నోరు మెలితిప్పి కట్టేయండి. పొడి జత, పాస్‌పోర్టు, మందులు అందులో మళ్లీ విడివిడి జిప్ కవర్లలో. ఫోను, కెమెరా పెట్టే కవర్లో బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేయండి. ఏసీ గదిలోంచి కెమెరాను తిన్నగా బయటికి తెస్తే లెన్సు మీద మంచు పట్టినట్టు ఆవిరి కమ్ముకుంటుంది. సంచిలోనే ఉంచి ఒక గంట ఆగి తీయండి.

బూట్ల విషయంలో చాలామంది వేలకు వేలు పోస్తారు. వాటర్‌ప్రూఫ్ తోలు బూట్లలోకి పైనుంచి నీళ్లు చేరితే ఇక బయటికి పోవు. అక్కడి గైడ్లు, కూలీలు వేసుకునేది నల్లటి రబ్బరు బూట్లు, అడుగున గుబ్బలుంటాయి. రబ్బరు తోటల్లో పనిచేసేవాళ్లు వాడేవే. ‘అడిదాస్ కంపుంగ్’ అని ముద్దుపేరు, అంటే పల్లెటూరి అడిదాస్ అన్నమాట. అడవికి వెళ్లే దారిలో వచ్చే జెరంతుట్ ఊళ్లో చవగ్గా దొరుకుతాయి. బురదలో పట్టు బాగుంటుంది, వాగు దాటి రెండు నిమిషాల్లో కడిగేసుకోవచ్చు. పాదం పెద్దగా ఉన్నవాళ్లకు సైజు దొరక్కపోవచ్చు, వాళ్లు మెష్ ఉన్న ట్రెక్కింగ్ షూ తెచ్చుకోవడం మేలు.

ఇంకా కావాల్సినవి: తలకు కట్టుకునే లైటు, అదనపు బ్యాటరీలు, ఈల, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పది, నీళ్లు శుద్ధి చేసే బిళ్లలు, డీట్ ఉన్న దోమల మందు, యాంటీసెప్టిక్, బ్యాండేజీలు, పాదాలకు రాసుకునే పౌడరు, మోకాళ్ల దాకా వచ్చే జలగ సాక్సులు. డీట్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. వాచీ పట్టీకి, కళ్లజోడుకు తగలకుండా చూసుకోండి.

చేరుకోవడం

కౌలాలంపూర్ నుంచి జెరంతుట్‌కు బస్సులో మూడు, మూడున్నర గంటలు. అక్కడి నుంచి కువాలా తహాన్ అనే ఊరికి బస్సులో గానీ వ్యానులో గానీ గంటన్నర. కువాలా అంటే నదులు కలిసేచోటు. తహాన్ నది వచ్చి తెంబెలింగ్ నదిలో కలిసేది ఇక్కడే. కువాలా తెంబెలింగ్ రేవు నుంచి పొడవాటి చెక్క పడవలో నది మీదుగా రావడం పాత పద్ధతి, రెండున్నర మూడు గంటలు పడుతుంది. పడవ నడుస్తోందని ముందే తెలిస్తే అలాగే వెళ్లండి. అడవి మెల్లగా దగ్గరికి రావడం చూడొచ్చు. డబ్బు జెరంతుట్‌లోనే డ్రా చేసుకోండి. కువాలా తహాన్‌లో ఏటీఎం ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు.

రోడ్డు మీద వెళ్లేటప్పుడు కిటికీలోంచి గంటల తరబడి కనిపించేది ఆయిల్‌పామ్ తోటలు, మధ్యమధ్యలో రబ్బరు. ఒకప్పుడు అదంతా అడవే. ఆ రబ్బరు తోటల్లో పనికి బ్రిటిష్ కాలంలో విశాఖ, శ్రీకాకుళం, చిత్తూరు వైపుల నుంచి మనవాళ్లు వేలమంది ఓడలెక్కి వెళ్లారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ మలేషియాలో తెలుగు మాట్లాడుతున్నారు. ఆ దారిలో వెళ్తుంటే నాకు ఎప్పుడూ వాళ్లే గుర్తొస్తారు. అందుకే ఆ ప్రయాణంలో నిద్రపోను.

ఊరు నదికి ఒక వైపు, వన్యప్రాణి శాఖ కార్యాలయం మరో వైపు. మధ్యలో చిన్న పడవ దాటిస్తుంది. ఆ శాఖను అక్కడ పెర్హిలితాన్ అంటారు. వాళ్ల దగ్గర నామమాత్రపు రుసుము కట్టి అనుమతి చీటీ తీసుకోండి, కెమెరాకు విడిగా ఇంకొంత. చీటీ జేబులోనే ఉంచుకోండి, లోపల అడుగుతారు. ఎటు వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో బస దగ్గర కూడా ఒక కాగితం మీద రాసిచ్చి వెళ్లండి.

మొదటి రోజు: నడక తగ్గించండి

మొదటి రోజు దూరం పెట్టుకోవద్దు. కార్యాలయం నుంచి కిలోమీటరున్నర దూరంలో తాళ్ల వంతెన ఉంది. దాదాపు 40 మీటర్ల ఎత్తున చెట్టు నుంచి చెట్టుకు వేలాడదీశారు. మరమ్మతుల వల్ల కొన్ని భాగాలు మూసి ఉండొచ్చు, తెరిచి ఉందో లేదో కార్యాలయంలో అడిగి బయల్దేరండి. పొద్దున తెరవగానే వెళ్తే గుంపులుండవు. ఆ దారే ఇంకొంచెం పైకి వెళ్తే బుకిట్ తెరెసెక్ అనే చిన్న గుట్ట వస్తుంది. ఆకాశం తెరిపిగా ఉంటే అక్కడి నుంచి గునుంగ్ తహాన్ కనిపిస్తుంది. మలేషియా ద్వీపకల్పంలో అదే ఎత్తైన శిఖరం, 2,187 మీటర్లు. కువాలా తహాన్ నుంచి దాన్ని ఎక్కి రావడానికి వారం పడుతుంది, గైడు తప్పనిసరి. అది రెండోసారి వచ్చినప్పటి మాట.

అడవిలోకి అడుగు పెట్టాక మొదట జంతువుల కోసం వెతక్కండి. ఏమీ కనిపించదు, నిరాశ వస్తుంది. చెట్లను చూడండి. గోడల్లా లేచిన వేర్ల మధ్య నిలబడి పైకి చూస్తే మొదటి కొమ్మ ఎక్కడుందో తెలియదు. వాటిలో ఎక్కువ భాగం మన గుగ్గిలం చెట్టు కుటుంబానివే. మన ఇళ్లలో సాంబ్రాణితో పాటు వేసే గుగ్గిలం లాంటి బంకనే అక్కడ దమార్ అంటారు. ఒకప్పుడు దానితో కాగడాలు చేసుకునేవారు. తువాలాంగ్ అనే చెట్టు 80 మీటర్లు దాటి కూడా పెరుగుతుంది, నున్నటి దాని కొమ్మలకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. చేతికి దొరికిన తీగను మాత్రం పట్టుకోవద్దు. పేము తీగ ముళ్లు వెనక్కి వంగిన కొక్కేల్లా ఉంటాయి. అది చొక్కాకు తగులుకుంటే ముందుకు లాగితే చొక్కాతో పాటు చర్మం కూడా చిరుగుతుంది. ఆగి, ఒక అడుగు వెనక్కి వేసి విడిపించుకోండి.

గంటకు రెండు కిలోమీటర్లు నడిస్తే చాలు. ప్రతి అరగంటకు ఐదు నిమిషాలు ఆగండి, దాహం వేయకపోయినా నీళ్లు తాగండి. రోజుకు మూడు లీటర్లు, అందులో ఒకటి ఓఆర్‌ఎస్ కలిపినది. తలనొప్పి మొదలై, చెమట ఆగిపోయి, మాట తడబడితే అది వడదెబ్బ. నీడ ఉంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ మనిషిని కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, వాగు నీళ్లతో తడుపుతూ విసరండి, సాయం పిలవండి.

జలగలు

వీటి పేరు చెప్పగానే సగంమంది వెనక్కి తగ్గుతారు. నేల జలగను అక్కడ పచాత్ అంటారు. అగ్గిపుల్లంత ఉంటుంది. ఎండిన ఆకుల మీద ఒకటి, ఆకు చివర ఇంకోటి నిలబడి గాలిలో తల ఊపుతూ ఉంటాయి. మీ అడుగుల అదురుకు, ఊపిరికి, ఒంటి వేడికి అవి మీ వైపు తిరుగుతాయి. గోధుమ రంగువి బూట్ల మీంచి ఎక్కుతాయి, కుట్టినట్టు కూడా తెలియదు. పక్కల పసుపు చార ఉన్న పులిజలగ మోకాలి ఎత్తు ఆకుల మీద కూర్చుంటుంది, అది కరిస్తే చురుక్కుమంటుంది. వాన వెలిశాక ఇవి ఎక్కువ, నాలుగు రోజులు ఎండ కాస్తే తక్కువ.

ప్యాంటును జలగ సాక్సుల లోపలికి దోపండి, చొక్కాను ప్యాంటు లోపలికి. సాక్సుల మీద దోమల మందు కొట్టండి. ఆగినప్పుడల్లా ఒకరి కాళ్లు ఒకరు చూసుకోండి. ఆకులు పరుచుకున్న చోట కూర్చోవద్దు. గుంపులో ముందు నడిచేవాళ్ల కంటే వెనకవాళ్లకే ఎక్కువ పడతాయి కాబట్టి మధ్యమధ్యలో స్థానాలు మార్చుకోండి.

పట్టుకున్న జలగ మీద ఉప్పు చల్లడం, సిగరెట్టుతో కాల్చడం వద్దు. అలా చేస్తే అది కడుపులో ఉన్నది గాయంలోకే కక్కవచ్చు. సన్నగా ఉన్న కొస వైపు నోరుంటుంది. దాని పక్కన గోరు పెట్టి చర్మం మీద నెమ్మదిగా జరపండి, పట్టు వదులుతుంది. తర్వాత రెండో కొసను కూడా అలాగే జరిపి విసిరేయండి. రక్తం గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు కారుతుంది. గడ్డకట్టకుండా అది ఒక పదార్థం వదులుతుంది కాబట్టి అలా జరుగుతుందే తప్ప పోయే రక్తం చాలా కొద్ది. సబ్బుతో కడిగి, గట్టిగా అదిమి, బ్యాండేజీ వేయండి. దురద రెండు మూడు రోజులుంటుంది, గోకకండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మాత్రం బయల్దేరే ముందే డాక్టరుతో మాట్లాడాలి.

మొదటి జలగకు గుండె అదురుతుంది. ఐదోదానికి చేయి దానంతట అదే పని చేస్తుంది.

ఒక రాత్రి బుంబున్‌లో

మీ నాలుగు రోజుల్లో ఒక రాత్రి తప్పకుండా దీనికి కేటాయించండి. జంతువులు ఉప్పునేలను నాకడానికి వచ్చే చోట్ల, కాస్త దూరంగా ఎత్తు స్తంభాల మీద చెక్క గదులు కట్టారు. వాటినే బుంబున్ అంటారు. పొలంలో మంచె తెలిసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. బుంబున్ తహాన్ కార్యాలయానికి దగ్గర్లోనే ఉంది, సాయంత్రం వెళ్లి కాసేపు కూర్చుని రావచ్చు. అసలైనది బుంబున్ కుంబాంగ్. నడిస్తే 11 కిలోమీటర్లు. లేదా పడవలో కువాలా త్రెంగాన్ దాకా వెళ్లి అక్కడి నుంచి ముప్పావు గంట నడవొచ్చు. వెళ్లేటప్పుడు పడవ, వచ్చేటప్పుడు నడక అయితే సరిపోతుంది. కరెంటు ఉండదు, మంచాలంటే వట్టి చెక్కలు. ముందుగా కార్యాలయంలో బుక్ చేసుకోవాలి. పడుకునే పరుపు, దుప్పటి, తిండి, నీళ్లు అన్నీ మీవే.

చీకటి పడేలోపు అన్నం తినేయండి. మిగిలిన తిండిని గట్టిగా మూత వేసి దూలానికి వేలాడదీయండి. ఎలుకలొస్తాయి, సంచి కొరికేస్తాయి. ఆరు దాటాక ఒక రకం కీచురాళ్లు ఒక్కసారిగా అందుకుంటాయి, చెవులు గింగురుమంటాయి. కాసేపటికి అవి ఆగి, చీకటి పడుతుంది. అప్పటి నుంచి మాటల్లేవు. వంతులేసుకోండి. ఇద్దరు మేలుకుంటే మిగతావాళ్లు పడుకోవాలి, రెండు గంటలకోసారి మార్పు. లైటును ఎర్ర గాజు కాగితంతో కప్పండి. గంటకోసారి మెల్లగా ఆ బయలు మీదికి తిప్పి, కళ్లు మెరుస్తాయేమో చూడండి. కనిపిస్తే లైటు దాని మొహం మీదే ఉంచకండి, పక్కకు తీయండి.

ఏం కనిపిస్తుంది? కణితి రావచ్చు, అడవి పంది రావచ్చు. అదృష్టం బాగుంటే టాపిర్ అనే జంతువు, ముందు సగం, వెనక కాళ్లు నలుపు, నడుం భాగం తెలుపు, చిన్న తొండం లాంటి ముక్కు. పులిని మాత్రం ఆశించవద్దు. మలేషియా అడవులన్నిటిలో కలిపి 150 కంటే తక్కువే మిగిలాయని అక్కడి ప్రభుత్వ సర్వేలో తేలింది. నేను కూర్చున్న ఒక రాత్రి తెల్లవారుజాము దాకా ఏమీ రాలేదు. మూడున్నరకు ఎవరో నీళ్లలో మెల్లగా అడుగులేస్తున్న చప్పుడు వినిపించింది, మాలో ఎవరూ లైటు వేయలేదు. అదేమిటో ఇప్పటికీ తెలియదు. ఈ ప్రయాణాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన రాత్రి అదే.

బుంబున్‌కు వెళ్లలేకపోతే గైడుతో రాత్రి నడక చేయండి. ఒకచోట అందరినీ లైట్లు ఆర్పమనండి. కళ్లు అలవాటు పడ్డాక నేల మీద పాచిపట్టిన కట్టెల దగ్గర సన్నగా పచ్చటి వెలుగు కనిపించవచ్చు. చీకట్లో వెలిగే పుట్టగొడుగులు అవి.

నిజమైన ప్రమాదాలు

పులి, పాము గురించి అందరూ టెన్షన్ పడతారు. అడవిలో తిరిగేవాళ్లు మొదట చూసేది పైకి, విరగబోయే కొమ్మ కోసం. డేరా వేసే చోట, ఊయల కట్టే చోట తల పైన ఎండిన కొమ్మ, వంగిన చెట్టు లేకుండా చూసుకోండి. గాలివాన మొదలైతే పెద్ద చెట్ల కింద ఉండకుండా బయటికి రండి.

రెండోది నది. మీ దగ్గర ఎండ కాస్తున్నా ఎగువన పడిన వానకు గంటలో నీళ్లు పెరుగుతాయి. నీళ్ల రంగు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కండి. ఇసుక తిన్నె ఎంత బాగున్నా దాని మీద రాత్రి పడుకోవద్దు. పడవలో లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకోండి. కాలికి తెగిన గాయం ఉంటే నీళ్లలో నానబెట్టకండి, ఎలుకజ్వరం అలాగే వస్తుంది.

మూడోది దారి తప్పడం. మూత్రానికని దారి నుంచి ఇరవై అడుగులు పక్కకు వెళ్లినవాళ్లకు కూడా తిరిగి దారి దొరకని చోటు అది. సంచి దారి మీదే పెట్టి, పక్కన ఒకరిని నిలబెట్టి వెళ్లండి. తప్పిపోయామని అనుమానం రాగానే ఆగిపోండి. నీళ్లు తాగండి, కూర్చోండి. మూడేసి సార్లు ఈల ఊదండి, ఆగి వినండి, మళ్లీ ఊదండి. దారి వెతుకుతూ నడిచిన కొద్దీ మిమ్మల్ని వెతికేవాళ్లకు దూరమవుతారు. చెట్ల కింద ఫోను సిగ్నల్ ఉండదు. బయట ఏడింటికి చీకటి పడితే లోపల ఆరున్నరకే పడుతుంది. కాబట్టి నాలుగున్నరకల్లా గూటికి చేరేలా లెక్క వేసుకోండి.

బతెక్ మనుషుల ఊళ్లో

ఈ అడవి బతెక్ ప్రజల ఇల్లు. ఒరాంగ్ అస్లి అని పిలిచే ఆదివాసుల్లో వాళ్లొక తెగ. వేట, అడవి దుంపలు, పేము సేకరణ మీద బతుకుతారు, చోటు మార్చుకుంటూ ఉంటారు. టూర్లలో వాళ్ల దగ్గరకు తీసుకెళ్లి ఊదుగొట్టంతో బాణం వేయడం, పేము తీగతో నిప్పు పుట్టించడం చూపిస్తారు. వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. వెళ్తే మాత్రం గైడుతో అడిగించి, సరేనంటేనే ఫొటో తీయండి. పిల్లలకు చాక్లెట్లు పంచకండి. వాళ్లు చేసిన పేము వస్తువు ఒకటి కొంటే డబ్బు తిన్నగా వాళ్ల చేతికే అందుతుంది.

జలుబు, దగ్గు, జ్వరం ఏ కాస్త ఉన్నా అసలు వెళ్లకండి. ఇదే అడవికి కెలంతాన్ వైపు అంచున కువాలా కో అనే బతెక్ ఊరుంది. 2019లో అక్కడ తట్టు సోకి పదిమందికి పైగా చనిపోయారు. మనకు చిన్నప్పటి టీకాతో తీరిపోయిన జబ్బు అది. బయటి నుంచి వెళ్లే మన ఊపిరి కూడా వాళ్లకు ప్రమాదమే అని గుర్తుంచుకుని వెళ్లండి.

తిండి

నది మీద తేలే హోటళ్లలో అన్నం, నూడుల్స్, చేపలు దొరుకుతాయి. శాకాహారులు కాస్త జాగ్రత్త పడాలి. కొబ్బరిపాలతో వండే నాసి లెమాక్ చూడటానికి సాదా అన్నంలా ఉంటుంది, పక్కన ఎండు నెత్తళ్లు, కారంలో రొయ్యల ముద్ద ఉంటాయి. ‘సాయా తక్ మకాన్ దాగింగ్, ఆయమ్, ఇకాన్, ఉదాంగ్’ అని చెప్పండి. మాంసం, కోడి, చేప, రొయ్య తినను అని అర్థం. వట్టి దాగింగ్ అంటే చాలామందికి గొడ్డు మాంసమే గుర్తొస్తుంది, అందుకే అన్నీ చెప్పాలి. బెలాచన్ కూడా వద్దనండి, ఆ రొయ్యల ముద్ద పేరు అదే. మన పరోటా లాంటి రోటీ చనాయ్, పప్పు పులుసు అడిగితే కడుపు నిండుతుంది. అడవిలో రాత్రి కోసం అటుకులు, వేరుశనగలు, కందిపొడి సీలు వేసిన ప్యాకెట్లు తీసుకెళ్లండి. వండే పని లేదు, తడవనంత కాలం పాడవవు.

తిరిగొచ్చాక

గదికి రాగానే పాదాలు కడిగి, వేళ్ల సందులు తుడిచి, గంటసేపు గాలికి వదిలేయండి. తెల్లగా ముడతలు పడి మండుతుంటే పౌడరు చల్లి, మర్నాడు చెప్పులతోనే తిరగండి. బూట్ల అడుగు మట్టిని బ్రష్షుతో గీకి అక్కడే వదిలి రండి. ఒక అడవి విత్తనాలు, బూజు ఇంకో అడవికి వెళ్లేది ఆ మట్టితోనే. సంచిని తిరగేసి ఎండలో రెండు రోజులు పెట్టండి.

తర్వాత ఒక నెల పాటు జ్వరం మీద కన్నేసి ఉంచండి. వస్తే మామూలు వైరల్ అనుకుని మాత్ర వేసుకుని ఊరుకోవద్దు. డెంగీ కావచ్చు, మలేరియా కావచ్చు, ఎలుకజ్వరం కావచ్చు. మూడూ మొదట ఒకేలా ఉంటాయి, చికిత్సలు వేరు. డాక్టరు అడగకముందే మీరే చెప్పండి: ఫలానా తేదీల్లో మలేషియా అడవిలో ఉన్నాను, నదిలో దిగాను, దోమలు కుట్టాయి అని.